రాయలసీమలో అక్షరవృత్తి

మహానందికి పోయినవారి కన్నులకు మొదట తగులునది నీరు. లింగము అడుగున పుట్టిన ఊట కోనేటిలోనికి వచ్చి, గుండములు దాటి, వెలుపలి అరటితోటలలోనికి పారిపోవుచున్నది. అడుగున పడిన నాణెము మీది బొమ్మ కూడ కనబడునంత తేటనీరు అది. సీమలో బావులెండి, వంకలెండి, చెరువులు పగుళ్ళు వారిన యేండ్లలోనూ ఈ ఊట ఆగలేదు.

ఆ కోనేటి మెట్లమీద ఒక శివరాత్రి మరునాడు మేము కూర్చుండి యుండగా గాజులపల్లె వైపునుండి వచ్చిన ఒక విద్యార్థి మమ్ములను పలుకరించినాడు. మేము రేడియోలో అప్పుడప్పుడు మాటలాడుదుమని అతనికి ఎవరో చెప్పినారట. "అయ్యా, నాకు పేపర్లోనో రేడియోలోనో పని చేయాలని ఉండాది. దానికి మేము ఊరిడిసిపెట్టి హైదరాబాదు పోవాల్సిందేనా?" అని అడిగినాడు. ఏ పరీక్ష వ్రాయవలెనో, ఏ విశ్వవిద్యాలయములో ఆ చదువు కలదో రెండు ముక్కలు చెప్పి పంపినాము. ఆ జవాబు మాకే తృప్తినీయలేదు. ఈ వృత్తి సీమవారికి ఏనాడు ఎట్లు దొరికినది, దానికి వారు ఏమి చెల్లించినారు అను సంగతి చెప్పక, పరీక్షల పేర్లు చెప్పిన నేమి లాభము? నాడు చెప్పని ఆ మాటలే ఈ వ్యాసము.

అక్షరము వ్రాసి కూలి పుచ్చుకొనుట ఈ నేలకు కొత్తది కాదు. గంటము పట్టిన వ్రాయసకాండ్రు, లెక్క వ్రాసిన కరణములు, శాసనములు చెక్కిన కాసెవారు అనాదిగా ఉన్నారు. కాని పదిమంది కూర్చుండి, జీతము తీసుకొని, ఒక గ్రంథమును పాఠకలోకము కొరకు సిద్ధముచేయు పని సీమలో మొదట కనబడునది కడపలో, ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను బంగళాలో. బ్రౌను 1820లో కలెక్టరుకు సహాయకుడుగా కడపకు వచ్చినాడు. మధ్యలో మచిలీపట్టణము మొదలగు చోట్ల పనిచేసి, ఆ దశాబ్దము ముగియకముందే మరల కడప చేరినాడు. తన బంగళాలోనే పండితులను, వ్రాయసకాండ్రను కొలువుంచినాడు. ఊరూర తిరిగి తాటాకు ప్రతులు తెచ్చువారు కొందరు. వానిని కాగితము మీదికి ఎత్తి వ్రాయువారు కొందరు. నాలుగు ప్రతులు ముందుంచుకొని పాఠభేదములు తేల్చువారు కొందరు. పద్యములకు అకారాది సూచికలు కట్టువారు మరికొందరు. వేమన పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో అచ్చువేయించినాడు. ఈ జీతములన్నియు దొరతనము ఖజానానుండి వచ్చినవి కావు. అతడు సొంత సొమ్ము పెట్టినాడు. చాలక అప్పులు కూడ చేసినాడు.

ఈనాటి పత్రికాకార్యాలయములో విలేకరి, ఉపసంపాదకుడు, శోధకుడు అని మనము పిలుచు మూడు పనులు నూటతొంబదియేండ్ల నాడే కడప మామిడిచెట్ల నీడలో విడివిడిగా జరిగినవని మాకు తోచును. బ్రౌను పేరు నిఘంటువు అట్టమీద నిలిచినది. కాగితము మీద కండ్లు పోగొట్టుకొన్న వ్రాయసకాండ్రలో నలుగురి పేర్లు కూడ జనమునకు తెలియవు. ఆ బంగళా స్థలములో నేడు బ్రౌను పేర ఒక గ్రంథాలయము వెలసి యున్నది. అందులకు పాటుపడినవారు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఈ వృత్తి రూపము మారినది; వెల కూడ మారినది. కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి సంగతి చూడుడు. పేద కుటుంబము. మదరాసులో ఎం.ఏ. చదివినారు. ఆ దినములలో ఎం.ఏ. పట్టము గల తెలుగువానికి సర్కారు కొలువు వాకిట నిలిచి పిలిచెడిది. ఆయన రాజమహేంద్రవరములో ఉపాధ్యాయ శిక్షణకు చేరినారు. 1907లో బిపినచంద్రపాలు అచ్చటికి వచ్చి ఉపన్యసించినాడు. విద్యార్థులు వందేమాతరము బిళ్ళలు తగిలించుకొన్నారు. గాడిచర్లవారిని కళాశాలనుండి తొలగించుటయే గాక, సర్కారు కొలువునకు అనర్హుడని కట్టడి చేసినారు. అన్ని తలుపులు మూసిన పిమ్మట మిగిలిన తలుపు పత్రిక. బెజవాడనుండి 'స్వరాజ్య' అను వారపత్రిక నడిపినారు.

1908లో తిరునల్వేలిలో జరిగిన కాల్పులను గూర్చి ఆ పత్రికలో 'విపరీతబుద్ధి' అను శీర్షికతో వ్యాసము వచ్చినది. దొరతనము రాజద్రోహనేరము మోపినది. మొదట పడిన శిక్ష తక్కువది. సర్కారు పైకోర్టుకు పోగా అది మూడేండ్ల కఠినశిక్ష అయినది. ప్రచురణకర్త బోడి నారాయణరావుగారికిని శిక్ష తప్పలేదు. వేలూరు చెరసాలలో హంతకుల సరసన గాడిచర్లవారిని ఉంచినారు. అదే 1908లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయములో పత్రికారచన నేర్పు పాఠశాల తెరచినారు. అక్కడ పిల్లలు ఫీజు కట్టి ఆ విద్య నేర్చుటకు చేరిన ఏటనే, మన కర్నూలువాడు దానికి మూడేండ్ల చెర చెల్లించినాడు. విడుదలైన పిదప ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చువారు కూడ వెనుదీసినారు. అయినను ఆయన ఆ పని విడువలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో మదరాసున 'ఆంధ్రపత్రిక'ను దినపత్రిక చేసిన కొలది కాలమునకే గాడిచర్లవారు అందులో సంపాదకత్వము వహించినారు. తరువాత గ్రంథాలయములు, వయోజనవిద్య ఆయన జీవితమును ఆక్రమించుకొన్నవి. 1960 ఫిబ్రవరి 29న కన్నుమూసినారు.

నంద్యాలనుండి మహానందికి పోవు బాటసారి ఒక సంగతి తలచుకొనవలెను. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగినది; దానితోపాటు దత్తమండలముల వారి సభయు జరిగినది. నిజాము ఆంగ్లేయులకు ధారపోసిన మండలములు గనుక దత్తమండలములు. ఆ పేరు మనలను ఎవరో ఎవరికో ఇచ్చివేసిన వస్తువుగా చెప్పుచున్నదని సభవారు బాధపడినారు. చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అను పేరు సూచించినారు. సభ అంగీకరించినది. సభలో తీర్మానమైనంత మాత్రమున పేరు జనుల నాలుకమీదికి రాదు. నిన్నటివరకు సర్కారు కాగితములలో ఒక పేరున్నది. దానిని తుడిచి రెండవ పేరు నిలుపవలెనన్న వారమువారము ఎవరో అచ్చువేయవలెను.

అట్లు అచ్చువేసినవారిలో అనంతపురమున పప్పూరు రామాచార్యులుగారు ముఖ్యులు. 1926లో వారు 'సాధన' వారపత్రికను ఆరంభించినారు. కరవు జిల్లాలో పత్రిక నడుపుట యెట్టిదో ఊహించుడు. చందాదారుడు రైతు, వాన లేనియేడు చందా రాదు. ప్రకటనలిచ్చుటకు పెద్ద వర్తకసంస్థలు లేవు. ఆచార్యులుగారే వ్రాయువారు, దిద్దువారు, జైలుకు పోవువారు. 'సాధన' వంటి కార్యాలయములో చేరిన కుర్రవానికి జీతము స్వల్పము. కాని అతడు అక్షరము పేర్చుట మొదలు సంపాదకీయము వరకు సమస్తము నేర్చెడివాడు. ఈనాటి కళాశాల ఏదియు ఇంతకంటె ఎక్కువ నేర్పుటలేదని మా నమ్మకము.

సీమలో పుట్టిన పత్రికలు కొన్ని. సీమవారికి అన్నము పెట్టినది మాత్రము మదరాసు. ఇచ్చట సినిమా కథ చెప్పక తీరదు. పత్రికాచరిత్రలో సినిమా ఎందుకని పెద్దలు కొందరు కోపగింతురు గాని, అక్షరముతో, మాటతో, బొమ్మతో బ్రతుకువారందరిది ఒకే కులమని మేమనుకొందుము.

కడపజిల్లా పులివెందుల ప్రాంతమున కొత్తపల్లెలో 1908లో బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి పుట్టినారు. ఆయన తమ్ముడు నాగిరెడ్డి 1912లో పుట్టినాడు. కుటుంబమునకు ఉల్లిపాయల ఎగుమతి వ్యాపారము. సీమ ఉల్లి మదరాసు రేవు మీదుగా బర్మాకు పోయెడిది. బి.ఎన్. రెడ్డిగారు చదివినది లెక్కల విద్య; మదరాసులో పెట్టినది బి.ఎన్.కె. ముద్రణాలయము. అచ్చుపని మీద వచ్చిన పరిచయములే ఆయనను సినిమాకు చేర్చినవి. హెచ్.ఎం. రెడ్డిగారితో కూడి రోహిణీ సంస్థ పేర 1938లో 'గృహలక్ష్మి' తీసినారు. ఆపై వాహినీ సంస్థ ఏర్పడినది. 1939లో 'వందేమాతరం', తరువాత 'సుమంగళి', 'దేవత', 1945లో 'స్వర్గసీమ', 1951లో 'మల్లీశ్వరి'. 1974వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనకు వచ్చినది.

వాహినికి ధనబలమిచ్చినవారు తాడిపత్రి వర్తకులు మూలా నారాయణస్వామిగారు. వారి బాల్యమిత్రుడు, అదే తాడిపత్రిలో 1912లో పుట్టిన కదిరి వెంకటరెడ్డి. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము చదివినాడు. మిత్రుని మూలమున రోహిణీ సంస్థలో చేరినాడు. దర్శకుడుగా కాదు, కథకుడుగా కాదు. నగదుపెట్టె చూచు క్యాషియరుగా. వాహినిలో నిర్మాణవ్యవహారములు చూచుచు, ఏ దృశ్యమునకు ఎంత ముడిఫిలిము పోవును, ఏ నటునికి ఎన్ని దినములు పట్టును అని లెక్కవేసికొనుచు, ఆ లెక్కలోనుండియే కథనము నేర్చినాడు. 1943లో విడుదలైన 'భక్త పోతన' ఆయన తొలి దర్శకత్వము. 'పాతాళభైరవి' 1951, 'మాయాబజార్' 1957. నిడివిని గడియారముతో కొలిచి, ముందే నిర్ణయించుకొని తీసెడివాడని చిత్రసీమలో చెప్పుకొందురు. జమాఖర్చుల చిట్టా పట్టిన చేయి గదా!

నాగిరెడ్డిగారిది మరియొక త్రోవ. యుద్ధములో బర్మా వర్తకము కూలిపోయినది. అన్నగారి ముద్రణాలయమును చేపట్టినారు. తెనాలి ప్రాంతమువాడైన చక్రపాణితో కలిసి 1947 జులైలో 'చందమామ'ను తెలుగున, తమిళమున ఒకేసారి వెలువరించినారు. పిదప అది అనేక భాషలకు వ్యాపించినది. ఆ ఒక్క పత్రిక ఎందరికి ఉపాధి కల్పించినదో గమనింపుడు: కథలను తిరుగవ్రాయువారు, భాషభాషకు అనువదించువారు, రంగుల దిమ్మెలు చేయువారు, చిత్రకారులు. ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య అందు బొమ్మలు వేసి ఇంటింటివారైనారు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980లో మరణించువరకు దానిలో పనిచేసినారు. పేరు పెద్దక్షరములలో వేసికొనక, నెలకు నెల, ఇరువదియెనిమిదేండ్లు! నాగిరెడ్డిగారికి 1986వ సంవత్సరపు ఫాల్కే పురస్కారము వచ్చినది. పత్రిక మాత్రము 2010వ దశకము దాటలేదు.

పత్రికలకు తిరిగి వత్తము. తిరుమల రామచంద్రగారు 1913లో ధర్మవరము తాలూకాలో పుట్టినారు. మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తకశాలలో తాళపత్రములకు వివరణపట్టికలు వ్రాసినారు. సైన్యములో గుమాస్తాగిరి చేసినారు. పిమ్మట పలు దినపత్రికలలో ఉపసంపాదకులైనారు. బ్రౌను వ్రాయసకాండ్ర విద్య ఇరువదవ శతాబ్దిలో వార్తాపత్రిక బల్లకు చేరుటకు ఇంతకంటె మంచి నిదర్శనము మాకు దొరకలేదు. తరిమెలవాడైన విద్వాన్ విశ్వముగారు హైదరాబాదు 'మీజాన్'లో పనిచేసి, 1952లో 'ఆంధ్రప్రభ' వారపత్రికకు సంపాదకులైనారు. కడపవారైన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు 1968లో 'సంవేదన' త్రైమాసికము నడిపి, తరువాత మాస్కోకు పోయి అనువాదకులుగా పనిచేసినారు. సింహాద్రిపురము ప్రాంతపు తెలుగు మాస్కోలో అచ్చగుట వినోదముగా లేదా!

ఈ వరుసను చూచినవారికి ఒక సంగతి తట్టకపోదు. వీరిలో ఒక్కరును ఆ పని కొరకు చదివి చేరినవారు కారు. ఒకరు కొలువు పోయి, ఒకరు లెక్కలు వ్రాయుచు, ఒకరు తాళపత్రములు చదువుచు, ఒకరు వర్తకము కూలి అందులో పడినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో పత్రికారచనా శాఖ 1954లో ఏర్పడినది. సీమ విశ్వవిద్యాలయములలో ఆ విద్య ఎంతో కాలము తరువాత గాని రాలేదు.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అయినది. డేరాలలో కచేరీలు వెలసినవి. విలేకరులు దిగినారు, తంతి కార్యాలయములో రాత్రింబవళ్ళు పని జరిగినది. మూడేండ్లు నిండగనే రాజధాని హైదరాబాదుకు పోయినది, విలేకరులును పోయినారు. ఆ మూడేండ్లలో రాజధానికి రేడియోకేంద్రము రాలేదు. తెలుగు ప్రసారములకు మదరాసు కేంద్రము 1938 నుండి ఉన్నది, విజయవాడ 1948 డిసెంబరు 1న వచ్చినది, హైదరాబాదు నిజాముకాలపు దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరినది. సీమకు కడపలో 1963లో కేంద్రము వచ్చినది, అదియు మొదట ఇతర కేంద్రముల కార్యక్రమములను అందుకొని వినిపించుటకే. కర్నూలుకు, అనంతపురమునకు స్థానిక కేంద్రములు వచ్చుసరికి 1990వ దశకము ఆరంభమైనది.

ఆలస్యమైన నష్టమేమి అందురా? మా సొంత అనుభవము ఒకటి చెప్పెదము. మేము యౌవనములో ఒక కేంద్రమునకు ప్రకటనకర్త పరీక్షకు పోయినాము. చీకటిగది, అద్దపు కిటికీ, బల్లమీద ఒక కాగితము. వార్తలు చదివించినారు, ఒక నాటిక ముక్క చదివించినారు, కచేరి ప్రకటన ఒకటి చెప్పించినారు. బయటికి వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి మా భుజము తట్టి, "గొంతు బాగున్నది నాయనా. కాని మాటలో సీమ వినబడుచున్నది" అన్నారు. పదిదినములకు అచ్చుకాగితము వచ్చినది. అందులో కారణము వ్రాయలేదు. మాకు మాత్రము తెలియును. ఆనాడు మైకు ముందు చెల్లినది కృష్ణా గోదావరుల ఒడ్డు తెలుగు. మాది పరీక్షలో తప్పిన తెలుగు. ఆ బస్సులో నంద్యాల వచ్చువరకు ఎవరితోనూ మాటలాడలేదు. నోరు తెరచిన మరల ఆ యాసయే వచ్చునని!

ఇంతకు, రేడియోలో పనులెన్ని? ప్రకటనకర్త ఒక్కడే శ్రోతకు వినబడును. అతని వెనుక కార్యక్రమ నిర్వాహకుడు, డ్యూటీ అధికారి, ఇంజనీరు, నాటకరచయిత, నిలయవిద్వాంసులు, వార్తావిభాగములో అనువాదకులు ఉందురు. సంగీతకారులను 1952 నుండి ఆడిషను మండలి వినుచు శ్రేణులు నిర్ణయించుచున్నది. స్టాఫ్ ఆర్టిస్టులు ఏండ్ల తరబడి ఒప్పందముమీద పనిచేసినారు. పింఛను లేని విద్వాంసులు ఎందరో వారిలో ఉన్నారు. 1969లో ఢిల్లీలో మొదలైన 'యువవాణి' తరువాత ఇతర కేంద్రములకును వ్యాపించి, పిల్లలకు మైకు భయము తీర్చినది.

సీమ యాసకు తలుపు తెరచినది మాత్రము, మాకు తెలిసినంతలో, సాహిత్యవిభాగము కాదు, వ్యవసాయవిభాగము. 1966లో ఆకాశవాణి కొన్ని కేంద్రములలో 'ఫార్మ్ అండ్ హోమ్' విభాగములు నెలకొల్పినది. వ్యవసాయపట్టభద్రులను అందులో రేడియో అధికారులుగా, విలేకరులుగా తీసికొన్నారు. వారు పొలమునకు పోయి రైతును మాటలాడించవలెను. రైతుకు ఆడిషను లేదు. అతడు తనకు వచ్చిన తెలుగే మాటలాడును. టేపు అదే పట్టును. ఏ పండితసభయు చేయని పని ఎరువుల ధర, తెగులు మందు చేసినవి.

నేటి స్థితి ముచ్చటించి ముగించెదము. జిల్లా అనుబంధములు వచ్చిన పిదప ప్రతి మండలమునకు పత్రికా కంట్రిబ్యూటరు ఏర్పడినాడు. నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైనది గనుక విలేకరుల సంఖ్య పెరిగినది. చాలమందికి జీతము లేదు. అచ్చయిన వార్త కొలతనుబట్టి కొంత ముట్టును, లేదా ప్రకటన తెచ్చినందుకు కమీషను. ఈ ఏర్పాటు వృత్తికి మంచిది కాదని మా అభిప్రాయము. ప్రకటన ఇచ్చువానిమీద వార్త వ్రాయవలసి వచ్చినప్పుడు ఆ కుర్రవాడు ఏమి చేయును? గాడిచర్లవారిని దొరతనము కట్టివేసినది. ఇతనిని ఇంటి అద్దె కట్టివేయుచున్నది. జేబులోని ఫోనే నేడు కెమేరా, ప్రసారయంత్రము. మైకు ముందు నిలుచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. నెలాఖరున కూలి ఇచ్చువాడెవడన్నదే తేలలేదు.

ఆ విద్యార్థిని మేము మరల చూచినాము. మహానందిలోనే వ్యవసాయకళాశాల కలదు. దాని సమీపమున ఒక తోట గట్టుమీద చిన్న రికార్డరు పట్టుకొని, తలపాగ చుట్టిన ఒక ముసలి రైతును మాటలాడించుచున్నాడు. కళాశాలలోని మిత్రునితో కూడి ఒక రేడియోకేంద్రమునకు పంపుటకట. తీసికొందురో లేదో తెలియదన్నాడు. మేము దూరముగా నిలిచి విన్నాము.

"అరటికి నీళ్ళు ఎన్ని దినాలకొకతూరి కట్టల్ల పెద్దాయనా?"

"ఎన్ని దినాలేంది నాయనా! చెట్టును చూసి కట్టల్ల గానీ దినాలు చూసి కాదు. ఈడ దేవుని నీళ్ళుండాయి, మాకు రంది లేదు. బండి దిగి మెట్టకు పోయినావంటే అప్పుడడుగు, చెప్తా."

కుర్రవాడు యంత్రమును ముసలివాని నోటికి మరికొంత దగ్గరగా జరిపినాడు.